పంటి కింద బూడిద

మట్టిని కొరికి చూసే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. బురదనేల లోపలినుంచి తీసిన నల్లటి ముద్దను గోటితో చిటికెడు గిల్లి, ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నొక్కేవారు. మెత్తగా ఉంటే పక్కకి ఉమ్మేసి "ఏమీ లేదు, పో" అనేవారు, ఆ ముద్దతోనే. కరకరమంటే మాత్రం వెంటనే ఉమ్మేవారు కాదు. కాసేపు అలాగే ఉండి, "ఉండాది పాపా, గాజు ఉండాది" అనేవారు. తర్వాత మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చాలాసార్లు ఆవిడ పళ్ళు చెప్పిందే రైటయ్యేది. మొదటిసారి చూసినప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి నేనూ కొరకడం మొదలుపెట్టాను.

ఆవిడ పోయారని 2019లో తెలిసింది. మాంచెస్టర్‌లో కౌన్సిల్ ఆఫీసులో పనిలో ఉండగా, ఎడిన్‌బర్గ్‌లో మాతో పనిచేసిన ఒకతని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. ఆవిడ పోయారన్నది మొదటిది. నీకు చెప్పమని ఎవరూ అనలేదు, నాకే చెప్పాలనిపించింది అన్నది రెండోది. చదివి, పార్కింగ్ పర్మిట్ల మీటింగుకి వెళ్ళి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మీటింగులో ఎవరో ఏదో అడిగితే సరిగ్గానే జవాబు చెప్పాను కూడా.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. పేర్ల విషయంలో ఆవిడకి పట్టింపు ఎక్కువ. కొత్త బూడిద పొర దొరికితే, దాని కెమిస్ట్రీ తేలేదాకా ఎవరూ దానికి పేరు పెట్టకూడదు. "ముందు పుట్టనీ, ఆనెంక పెడదాం పేరు" అనేవారు. నెంబరుతోనే పిలవాలి. పొరపాటున ఎవరైనా ముద్దుగా ఏ పేరో పెట్టి పిలిస్తే, వినపడనట్టు తన పని తాను చేసుకునేవారు.

2009లో మావారికి ఎడిన్‌బర్గ్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. వెంట నేనూ వచ్చాను. విశాఖపట్నంలో చదివిన ఎమ్మెస్సీ జియాలజీ పట్టా సూట్‌కేసు అడుగున చీరల కింద ఉండేది. ఫ్లాట్‌లో కూర్చుని వాన చూడడం విసుగెత్తి, యూనివర్సిటీ ల్యాబ్‌లో అసిస్టెంట్ కావాలన్న ప్రకటనకి అప్లై చేశాను. ఇంటర్వ్యూలో ఆవిడ ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు అడిగి, పక్కనున్న తెల్లాయన నీళ్ళకోసం బయటికి వెళ్ళగానే తెలుగులోకి దిగారు.

"గిన్నెలు బాగా తోముతావా?"

"తోముతానండి" అన్నాను, నవ్వాలో వద్దో తెలియక.

"ఈ పనిలో సగం తోమడమే. మిగతా సగం లెక్కపెట్టడం. పెద్ద చదువులేం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు."

నిజంగానే అంతే. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలినప్పుడు గాలి ఇటు తిరిగి ఉంటే, కంటికి కనపడనంత సన్నటి గాజు రేణువులు వచ్చి స్కాట్లాండ్ బురదనేలల మీద పడతాయి. వాటిమీద మళ్ళీ నాచు పెరుగుతుంది, కుళ్ళుతుంది, ఇంకో పొర పేరుకుంటుంది. వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా గొట్టం దింపి ఆ మట్టిని పైకి లాగితే, ఆ బూడిద ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడల్లా అది ఒకే రోజన్నమాట. ఆ రోజుల్ని వెతకడం ఆవిడ వృత్తి. మట్టిని సెంటీమీటరు మందం ముక్కలుగా కోసి, కొలిమిలో కాల్చి, యాసిడ్‌తో కడిగి, సన్నటి జల్లెళ్ళలో వడకట్టి, మిగిలినదాన్ని గాజుపలక మీద పరిచి ఒక్కొక్క రేణువూ లెక్కపెట్టాలి.

ఐదువేల ఏళ్ళ కిందటి పొరని ఆవిడ "మొన్నటిది" అనేవారు. వందేళ్ళది అయితే "ఇప్పటిది". మా పెళ్ళయి రెండేళ్ళయిందని చెప్తే ఏ మాటా దొరక్క కాసేపు ఆలోచించారు.

ఊరి తెలుగువాళ్ళు ఉగాదికి ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని కలిసేవాళ్ళు. నా బలవంతం మీద ఆవిడ ఒకసారి వచ్చారు. మీరు డాక్టరా అని ఒక అంకుల్ అడిగారు. జియాలజీ అన్నారు ఆవిడ. ఆయన ముఖం వెలిగింది. "అయితే బోరు పాయింట్ చెప్తారా మేడమ్? మా గుంటూరు పొలంలో రెండు బోర్లు ఫెయిలయ్యాయి. గూగుల్ మ్యాప్‌లో చూపిస్తా." ఆవిడ పులిహోర తింటూనే ఆ ఫోన్ తీసుకుని, ఆ పొలాన్ని శ్రద్ధగా చూసి, "నీళ్ళు నాకు తెలీవు సార్. నిప్పు సంగతి ఏమన్నా ఉంటే అడగండి" అన్నారు. ఆయన ఇంకో జియాలజిస్టుని వెతుక్కోవాలి అన్నట్టు వెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ ఏ ఉగాదికీ రాలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆ అంకులే ఫోన్ చేశారు. 2010 ఏప్రిల్. ఐస్‌లాండ్ బూడిద మబ్బుకి యూరప్ అంతా విమానాలు ఆగిపోయాయి. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ నా నెంబరు, నా ద్వారా ఆవిడ నెంబరు హఠాత్తుగా గుర్తొచ్చాయి. "మేడమ్, శనివారం హైదరాబాద్ ఫ్లైట్ వెళ్తుందంటారా?" అందరికీ ఒకటే జవాబు: "గాలిని అడగండి." ఆ వారమంతా ఆవిడ స్టూలెక్కి ల్యాబ్ కిటికీల సందులకి టేపు అంటించారు. తలుపు కింద తడిగుడ్డ. బయట పడుతున్న కొత్త గాజు ఒక్క రేణువు లోపలికి వచ్చినా మా పాత లెక్కలన్నీ పాడవుతాయి. వాకిట్లో కోటు విప్పి, బూట్లు మార్చుకుని, జుట్టు కట్టుకుని లోపలికి రావాలి. బయటి వస్తువేదీ ఆ గదిలోకి రాకూడదని ఆవిడ చేతిరాతతో తలుపుమీద కాగితం ఉండేది. ఆకాశం నుంచి రాకుండా అన్ని జాగ్రత్తలూ పడ్డాం.

ఆవిడది కర్నూలు జిల్లా, బనగానపల్లె దగ్గర. అక్కడ ఒక వాగు ఒడ్డున నేలలో తెల్లటి బూడిద మందంగా ఉంటుంది. డెబ్బైవేల ఏళ్ళకి పైమాట, సుమత్రాలో పేలిన అగ్నిపర్వతం బూడిద సముద్రం దాటి అక్కడికి వచ్చిపడింది. జనం దాన్ని తవ్వి అంట్లు తోమే పొడికి అమ్మేవారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ దానితోనే ఇత్తడి బిందెలు తోమేవారట. కాలేజీకి వెళ్ళాక ఎవరో మేష్టారు అదేమిటో చెప్పారట. "ఆ దినం ఇంటికొచ్చి అమ్మ చేతులు చూసినా పాపా" అని మాత్రం ఒకసారి అన్నారు. ఇంకేం చెప్పలేదు. తన జీవితం ఈ దారి ఎందుకు పట్టిందో అడిగితే ఆవిడ ఇచ్చిన వివరమంతా అదే.

ఆ పొడి ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఆవిడ ఆఫీసు గదిలో ఉండేది. చెల్లెలు ఊరినుంచి పంపేది. గదిలో చిన్న హాట్‌ప్లేట్ మీద, ఒక పాత స్టీలు టీగిన్నెలో పాలు పొంగించి చిక్కటి టీ పెట్టేవారు. కాడ ఒకపక్క ఊగేది. గిన్నెని ఆ పొడితోనే తోమాలి, కారిడార్ చివర చిన్న కిచెన్ సింకులోనే తోమాలి. లిక్విడ్ సోపు వాసన టీకి పడుతుందని ఆవిడ నమ్మకం. రెండో ఏడాదికి ఆ తోముడు నా వంతుకి వచ్చింది.

ఇప్పుడు ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పాలి. యాభై దాటినా ఆవిడది పర్మనెంట్ కాదు. మూడేళ్ళ కాంట్రాక్టు, అది అయ్యాక ఇంకో మూడేళ్ళు, మధ్యలో ఏడాది ఎక్కడో. అలా ఇరవై ఏళ్ళు. చివరి కాంట్రాక్టు 2011 వేసవితో అయిపోతుంది. ఆ ఏడాది మొదట్లోనే డిపార్ట్‌మెంట్‌లో ఒక లెక్చరర్ పోస్టు పడింది. అది వస్తే పని సాగుతుంది, లేకపోతే ఈ వయసులో ఇంకెవరూ తీసుకోరు. ఈ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. అందరికీ తెలుసు.

2010 డిసెంబరులో స్కాట్లాండ్ గడ్డకట్టింది. బస్సులు ఆగాయి, పైపులు బిగుసుకున్నాయి. కారిడార్ కిచెన్‌లో నాలుగు రోజులు నీళ్ళు రాలేదు. ల్యాబ్ సింకులో మాత్రం వచ్చేవి. మొదటిరోజే పాలు మాడి గిన్నె అడుగంటింది. ఆవిడ మీటింగులో ఉన్నారు. నేను గిన్నె, పొడి పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్ళాను. ఒక్కసారే కదా అనుకున్నాను. గుప్పెడు పొడి వేసి, మాడు వదిలేదాకా రుద్దాను. పక్కనే చెక్కస్టాండు మీద కడిగిన జల్లెళ్ళు ఆరుతున్నాయి. మిగతా మూడు రోజులూ కూడా అక్కడే తోమాను. ఉత్తరాన ఒక బురదనేల నుంచి తెచ్చిన ముక్కల్ని ఆ వారమే వడకట్టి, తేదీ వేసి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

జనవరిలో ఆ ముక్కల్ని లెక్కపెడుతుంటే, మాకు తెలిసిన రెండు పొరల మధ్య, ఎవరూ ఎప్పుడూ చూడనిచోట గాజు కనిపించింది. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులు. ఆవిడని పిలిచాను. మైక్రోస్కోప్ మీద వంగి, చాలాసేపు లేవలేదు. లేచాక స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది కొత్తది పాపా" అన్నారు.

ఆ గాజు రసాయనం కొలిచే మెషిన్‌కి రెండు నెలల క్యూ. లెక్చరర్ పోస్టుకి అప్లికేషన్ గడువు మూడు వారాలు. ఇరవై ఏళ్ళుగా పాటించిన నియమాన్ని ఆవిడ ఒక్కసారి తప్పారు. కెమిస్ట్రీ తేలకముందే కొత్త పొర దొరికిందని అప్లికేషన్‌లో రాశారు. డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో స్లైడు వేసి చెప్పారు. నెంబరు కాకుండా ఆ బురదనేల పేరే పొరకి పెట్టి పిలిచారు. ఆ రోజు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎటు చూడాలో తెలియక ప్రొజెక్టర్ వైపు చూశారు. ఆవిడ అంత అందంగా ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

మార్చిలో ఒక మంగళవారం మెషిన్ మాకు దొరికింది. ఆ వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. మెషిన్ ముందు ఆవిడే కూర్చున్నారు, పక్కన నేను. మొదటి రేణువు అంకెలు తెరమీదికి వచ్చాయి. రెండోది. ఐదోది వచ్చాక వేలు పెట్టి చూపించారు.

"పొటాషియం చూడు."

చూశాను. ఐస్‌లాండ్ గాజులో అంత ఉండదు.

"ఇది మా ఊరిది" అన్నారు. గొంతులో ఏ తేడా లేదు. "కిచెన్ సింకు ఎన్ని దినాలు చెడిపోయి ఉండె, మంచు పడినప్పుడు?"

"నాలుగు రోజులండి."

అక్కడ నేను చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని కాదు, ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూడాల్సి వస్తుందని. అడిగితే చెబుదామనుకున్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. తెరమీద అంకెల్ని ప్రింట్ తీసుకుని, మెషిన్ కట్టేసి, పదమన్నారు.

ఆ అంకెలు చూసింది మేమిద్దరమే. వారం రోజులు నోరు మూసుకుంటే ఇంటర్వ్యూ అయిపోతుంది. బుధవారం గడిచింది. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండు మూడుసార్లు ల్యాబ్ గుమ్మందాకా వచ్చి నిలబడ్డారు. "తిన్న్యావా పాపా?" అన్నారు. తిన్నానన్నాను. గురువారం టీ తనే పెట్టి నాకు తెచ్చిచ్చారు, అలా ఎప్పుడూ చేయలేదు. నేను ఇంటికి బయల్దేరేదాకా గదిలో ఊరికే కూర్చునేవారు. దాచేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నారని నేననుకున్నాను. ఇంతటి మనిషి కూడా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఇంతేనా అని కూడా అనుకున్నాను. దాచేస్తే బాగుండునని లోపల ఆశ కూడా పడ్డాను. అప్పుడు నా తప్పూ దానితోపాటే పోతుంది కదా.

శుక్రవారం పొద్దున డిపార్ట్‌మెంట్ అందరికీ లెటర్ వెళ్ళింది. ఆ పొర నిజం కాదని, ల్యాబ్‌లో కలిసిన కల్తీ అని, అది తన సొంత ఇంటి సామాను వల్ల జరిగిందని, బాధ్యత పూర్తిగా తనదని. ఆరేడు వాక్యాలు. నా పేరు ఎక్కడా లేదు. సోమవారం ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చారు. పోస్టు హిమానీనదాల మీద పనిచేసే ఒకాయనకి వచ్చింది. మంచివాడే, పనిమంతుడే. ఎవరినీ అనడానికి లేదు.

జూన్‌లో ఆవిడ గది ఖాళీ చేశారు. అందరినీ కౌగిలించుకున్నారు, అక్కడి పద్ధతి ప్రకారం. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచారు. రెండేళ్ళలో ఆవిడ నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వడం అదే మొదలు. నేను చెయ్యి కలిపాను. ఆ సంవత్సరమే మావారికి మాంచెస్టర్ బదిలీ అయింది. మళ్ళీ నేను ఏ ల్యాబ్‌కీ అప్లై చేయలేదు. ఎవరైనా అడిగితే, పిల్లలు, డ్యూటీ టైములు కుదరలేదు అని చెప్పేదాన్ని.

2015లో మా చిన్నాన్నగారి అమ్మాయి సీమంతానికి లండన్ శివార్లలోని స్టాన్‌మోర్ వెళ్ళాను. హాలు నిండా గాజుల చప్పుడు, ఆంటీల నవ్వులు. మూల కుర్చీలో, ఒళ్ళో పేపర్ ప్లేటు పెట్టుకుని ఆవిడ. అబ్బాయి తరఫు వాళ్ళకి ఏదో వరస అవుతారట. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కొత్త ఇళ్ళకి పునాదులు తీసేముందు మట్టి పరీక్ష చేసే కంపెనీలో పని అన్నారు. "లండన్ అంతా బంకమట్టి పాపా. కొరికితే పంటి కింద ఏమీ తగలదు" అన్నారు. నా పిల్లల పేర్లు అడిగారు. మాంచెస్టర్ ట్రామ్‌లు బాగుంటాయా అని అడిగారు.

బయల్దేరుతుంటే నేను స్టేషన్‌దాకా వస్తానన్నాను. మధ్యాహ్నం, పొడి ఎండ. ఆవిడ ఎప్పటిలాగే నేల చూస్తూ నడుస్తున్నారు. స్టేషన్ కనపడేదాకా వేరే కబుర్లు చెప్పి, ఇక దారి మిగలదన్నప్పుడు అన్నాను.

"మేడమ్, ఆ గిన్నె ల్యాబ్ సింకులో తోమింది నేనేనండి."

"తెలుసు" అన్నారు. నడక ఆపలేదు. "నోట్‌బుక్‌లో ఆ నాలుగు దినాలూ నీ చేతిరాతే గదా."

"మరి లెటర్‌లో నా పేరు రాయలేదేంటండి?"

"లెటర్ మంగళవారమే రాసి పెట్టినా. రాసేదానికి ఎంతసేపు? శుక్రవారం దాకా ఆపుకున్యా. నువ్వొచ్చి చెప్తావేమో అని."

నేను ఆగిపోయాను. ఆవిడ కూడా ఆగారు.

"చెప్పుంటే ఏం చేసేవారండి?" అన్నాను.

"ఏముండాది చేసేదానికి. ఉద్యోగం ఎట్లన్నా పోయేదే. ఆ కాయితం మీద ఇద్దరం సంతకం పెట్టింటిమి. నేను యాడికి పోయినా నిన్ను పిల్చుకోని పోదామనుకున్యా. పని తెలిసిన మనిషి ఒకరన్నా నాకు మిగుల్తారని."

కోపంగా అనలేదు. కొరికి చూసిన మట్టి సంగతి చెప్పినట్టే చెప్పారు. చెప్పి, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. తొందరేమీ లేనట్టు నిలబడ్డారు. ఆ మూడు రోజులూ గుమ్మంలో ఇలాగే నిలబడ్డారని నాకు అప్పుడు తెలిసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. క్షమించమని అడగొచ్చు. నన్ను ఇప్పుడైనా తీసుకెళ్ళండి అనొచ్చు, నవ్వుకైనా. ఆ రెండూ నా నోట్లో ఉన్నాయి.

"మీ రైలు టైమవుతోంది మేడమ్" అన్నాను.

ఆ స్టేషన్ నుంచి ఐదారు నిమిషాలకొక రైలు ఉంటుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"అవును పాపా, టైమైతాంది" అని మెట్లు దిగి వెళ్ళారు.